ఇంట్లో మసాలా టీ: ఏది ముందు, ఏది తర్వాత, ఎంత

మీరు అడిగినవి మూడు. మసాలా టీ పెడితే కొన్ని రోజులు పాలు విరిగిపోతున్నాయి, విరగని రోజున టీ కాస్తా కషాయంలా తయారవుతోంది, ఎందుకని? ఇది వేల ఏళ్ల నాటి ఆయుర్వేద పానీయమని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట నిజమేనా? మొదటిదానికి మూలం చాలావరకు వేసే వరస, రెండోదానికి వేసే పాళ్లు. సరుకులు అందరి వంటింట్లోనూ అవే ఉంటాయి. ఏది నీళ్లలో మరగాలి, ఏది పాలు పడ్డాక వెయ్యాలి, ఏది పొయ్యి కట్టేసే ముందు వెయ్యాలి అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మూడోదాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు కొలతలు. ఇంట్లో మామూలు టీ కప్పు 150 మి.లీ. దాకా పడుతుంది. అలాంటివి రెండు కప్పులకి నీళ్లు 200 మి.లీ., పాలు 160 మి.లీ., టీ పొడి రెండు చిన్న చెంచాలు (గోపురంగా కాదు, చెంచా అంచుకి సమంగా), పంచదార రెండు నుంచి మూడు చెంచాలు. మసాలాకి అంగుళం అల్లం ముక్క, మూడు యాలకులు, ఒక్క లవంగం, మూడు మిరియాలు, అరంగుళం దాల్చిన చెక్క. నీళ్లూ పాలూ కలిపితే 360 మి.లీ. అవుతాయి. కప్పుల్లోకి వచ్చేది 300. మిగతాది కొంత ఆవిరైపోతుంది, కొంత టీ పొడి పీల్చుకుని జల్లెడలోనే ఉండిపోతుంది.

ఈ పాళ్లు ఫుల్‌క్రీమ్ పాలకి, అంటే 6 శాతం వెన్న ఉన్న ప్యాకెట్‌కి. టోన్డ్ పాలైతే వెన్న 3 శాతమే కాబట్టి నీళ్లు 180, పాలు 180 వేసుకోండి. ఇంటికి వచ్చి పోసే గేదె పాలు చిక్కగా ఉంటే పాలు 140కి తగ్గించి, నీళ్లు 220కి పెంచండి. గేదె పాలు ఎక్కువైతే ఎంత మసాలా వేసినా నాలుక మీద మీగడే తెలుస్తుంది తప్ప టీ తెలియదు. మొత్తం పాలలోనే టీ పెట్టడం గొప్ప అనుకునేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే అది పాలూ దండగ, పొడీ దండగ. పాలలో ఆకు సారం నీళ్లలో దిగినంత బాగా దిగదు. రంగు కోసం పొడి ఎక్కువ వేస్తారు, ఎక్కువసేపు మరిగిస్తారు, చివరికి చేదు వచ్చింది అంటారు.

గిన్నె కనీసం లీటరు పట్టేది తీసుకోండి. రెండు కప్పులే కదా అని చిన్న గిన్నెలో పెడితే పొంగు పైకి రానివ్వకుండా మంట తగ్గించుకుంటూనే కూర్చోవాలి, టీ ఎప్పటికీ సరిగ్గా మరగదు. అలాగని మరీ వెడల్పు గిన్నె కూడా వద్దు, నీళ్లు తొందరగా ఇగిరిపోతాయి.

ఇప్పుడు వరస. 200 మి.లీ. నీళ్లలో దాల్చిన చెక్క, లవంగం, మిరియాలు వేసి మధ్యస్థం మంట మీద పెట్టండి. ఇవి గట్టి దినుసులు, వీటి సారం దిగడానికి టైము పడుతుంది, అందుకే అన్నిటికన్నా ముందు. మిరియాలు, లవంగం చిన్న రోట్లో వేసి ఒక్క దెబ్బ వేస్తే చాలు, పొడి చెయ్యక్కర్లేదు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక రెండు నిమిషాలు మరగనిచ్చి, అప్పుడు దంచిన అల్లం వెయ్యండి. అల్లం పడ్డాక ఇంకో రెండు మూడు నిమిషాలు గట్టిగా మరగాలి. మీ పాలు విరగడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

పచ్చి అల్లంలో ప్రొటీన్లను ముక్కలు చేసే ఒక ఎంజైమ్ ఉంటుంది, పేరు జింజిబేన్. పాలు గోరువెచ్చన దాటి, మరుగుకి ఇంకా రాని వేడి, అంటే 60 నుంచి 70 డిగ్రీల మధ్య అది మహా చురుగ్గా పనిచేస్తుంది. మరుగుతున్న నీళ్లలో కాసేపు ఉంటే మాత్రం దాని పని అయిపోతుంది. దక్షిణ చైనాలో ఈ గుణాన్నే వాడుకుంటారు. గిన్నెలో అల్లం రసం పోసి, పైన వేడి పాలు పోసి కదపకుండా ఉంచితే అది పెరుగులా గడ్డకడుతుంది, చెంచాతో తింటారు. మన టీలో అదే జరిగితే విరిగిపోయింది అంటాం. అల్లం, పాలు కలిపి పొయ్యి మీద పెట్టడం, లేదా పాలు వెచ్చబడుతుండగా అల్లం తురమడం, ఈ రెండూ ఆ 60-70 డిగ్రీల మధ్య అల్లానికి కావలసినంత సమయం ఇస్తాయి. ముందే నీళ్లలో మరిగిస్తే ఆ గొడవ ఉండదు. ఎండిన శొంఠి వాడితే కూడా ఈ భయం తక్కువ. అయితే శొంఠి ఘాటు వేరు, గొంతులో ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి పచ్చి అల్లం అంగుళానికి బదులు శొంఠి పొడి పావు చెంచా మించి వెయ్యకండి.

అల్లాన్ని తురమడం కన్నా చెక్కు తీయకుండా బాగా కడిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచడమే మేలు. తురిమితే పీచు జల్లెడ కన్నాల్లో పడి వడకట్టడం తలనొప్పి. ముదురు అల్లానికి ఘాటు ఎక్కువ, లేతదానికి వాసన ఎక్కువ. లేత అల్లం దొరికే రోజుల్లో ముక్క కాస్త పెద్దది వేసుకోవచ్చు.

అల్లం మరిగాక టీ పొడి, పంచదార కలిపి వెయ్యండి. పొడి గింజల్లా ఉండే రకమైతే నిమిషం, మెత్తగా ఉండే డస్ట్ రకమైతే అరనిమిషం. పాలు పడకముందు టీ పొడి నీళ్లలో ఇంతకన్నా ఎక్కువ మరగకూడదు. వగరు దిగేది ఇక్కడే. తర్వాత పాలు. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోస్తే మరుగు ఒక్కసారిగా చల్లారిపోతుంది, మళ్లీ తెర్లేదాకా ఆకు ఊరికే నానుతూ ఉంటుంది. పక్క పొయ్యి మీద వెచ్చబెట్టి పోస్తే మంచిది, కుదరకపోతే ముందే బయట పెట్టుకోండి. పాలు పడ్డాక మంట పెంచి ఒక పొంగు రానివ్వండి, తగ్గించండి, మళ్లీ పెంచండి. ఇలా మూడు పొంగులు, మొత్తం మూడు నిమిషాలు. పాలలోని ప్రొటీన్ ఆకులోని వగరును పట్టేసుకుని నాలుకకి తగలకుండా చేస్తుంది. ఆ కలయిక కుదిరిందని రంగే చెప్తుంది. పాలు పోసిన వెంటనే ఉండే బూడిద ఛాయ పోయి, కాల్చిన ఇటుక రంగు తిరుగుతుంది. గిన్నె అంచున చూడండి, అక్కడ ముందుగా తెలుస్తుంది.

యాలకులు చివర్లో. వాటి వాసన త్వరగా ఎగిరిపోయే రకం, మొదట్లోనే వేసి పది నిమిషాలు మరిగిస్తే వంటిల్లు ఘుమఘుమలాడుతుంది, కప్పులో ఏమీ మిగలదు. కాయలు చితక్కొట్టి గింజలు వేరు చేసుకోండి. తొక్కలు మొదట్లో దాల్చిన చెక్కతో పాటే నీళ్లలో వేసెయ్యొచ్చు, వాటికీ కొంత వాసన ఉంటుంది. గింజలు నలిపి మూడో పొంగు దిగగానే వేసి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి ఒక్క నిమిషం ఆగి వడకట్టండి. ఆ నిమిషం మూత చాలామంది పెట్టరు. పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇక కషాయంలా అవుతోందన్న ఫిర్యాదు. దీనికి నూటికి తొంభై పాళ్లు దోషి లవంగం. లవంగ నూనె పళ్ల నొప్పికి పెట్టుకునేది ఎందుకో మీకు తెలుసు, నాలుకను మొద్దుబారుస్తుంది. రెండు కప్పులకి రెండు లవంగాలు దాటితే టీ రుచి తెలుసుకునే నాలుకే సగం పనిమానేస్తుంది. రెండో దోషి దాల్చిన చెక్క పొడి. బజారులో దొరికేది ఎక్కువగా మందపాటి, ముదురు రంగు కాసియా రకమే. దాని పొడి వేడి నీళ్లు తగిలితే జిగురు కడుతుంది, టీ గొంతులోకి సాగుతూ దిగుతుంది. చెక్కగా వేస్తే ఈ బాధ లేదు. మూడోది, మసాలా చాల్లేదని టీ పొడి కూడా పెంచడం. పొడి ఎక్కువైతే వగరు ముందుకొచ్చి మసాలాని ఇంకా వెనక్కి నెడుతుంది. ఘాటు కావాలంటే అల్లం పెంచండి, పొడి మాత్రం రెండు చెంచాల దగ్గరే ఉంచండి.

అల్లం సరిగ్గా మరిగించినా పాలు విరుగుతున్నాయంటే రెండు అనుమానాలు. ఒకటి, పాలే పాతబడి పులుపుకి దగ్గరపడటం. చల్లగా ఉన్నప్పుడు బాగానే కనిపిస్తాయి, మరిగితే బయటపడతాయి. కొద్దిగా విడిగా కాచి చూసుకోండి. రెండు, బెల్లం. బెల్లంలో పులుపు, లవణాలు ఉంటాయి, మరుగుతున్న పాలలో అవి చాలు విరగడానికి. బెల్లం టీ కావాలంటే పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు తురిమిన బెల్లం వేసి కలపండి. లేదా కప్పులోనే బెల్లం వేసుకుని పైన టీ పోసుకోండి. బెల్లం వేసిన టీని మళ్లీ పొయ్యెక్కించొద్దు.

నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. బోరు నీళ్లతో పెట్టిన టీ మీద పలచగా తెట్టు కడుతుంటే, రంగు మబ్బుగా ఉంటే, అది నీళ్లలోని సున్నం పని. ఫిల్టరు నీళ్లతో ఒకసారి పెట్టి చూడండి. రంగు తేటపడుతుంది, అదే పొడి ఎక్కువ కడక్‌గా కూడా అనిపిస్తుంది, అప్పుడు అరచెంచా తగ్గించుకోవచ్చు.

ఏ టీ పొడి కొనాలి అన్నది మీరు అడగలేదు గానీ, అది చెప్పకపోతే పై లెక్కలన్నీ దండగ. మసాలా టీకి కావలసింది సీటీసీ పొడి. ఆకుని పళ్ల రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చుట్టగా చేసిన గుండ్రటి గింజలు. డార్జిలింగ్ ఆకు టీ ఎంత ఖరీదుదైనా పాలూ అల్లం పడితే కనిపించకుండా పోతుంది, దాన్ని విడిగా, పాలు లేకుండా తాగాలి. సీటీసీలో గింజ పెద్దదైతే రంగు నెమ్మదిగా దిగుతుంది, వాసన నిలుస్తుంది. డస్ట్ అయితే క్షణాల్లో నల్లబడుతుంది, హోటళ్లకి అందుకే అదంటే ఇష్టం. అస్సాం పొడికి బలం, నీలగిరి పొడికి పరిమళం. సగం సగం కలుపుకుంటే మసాలా టీకి బాగా నప్పుతుంది. విడిగా తూచి అమ్మే పొడి కొంటే తెల్లటి ఫిల్టరు కాగితం మీద చిటికెడు పోసి కాసిని నీళ్లు చిలకరించండి. కొంతసేపటికి పొడి తీసేసి కాగితం కడగండి. రంగు మరకలు గట్టిగా నిలిస్తే రంగు కలిపిన సరుకు అని అర్థం.

ఆ సీటీసీ మాట వచ్చింది కాబట్టి మీ మూడో ప్రశ్నకి వద్దాం. అల్లం, మిరియాలు, యాలకులు వేసి కాచిన కషాయాలు మన దేశంలో నిజంగానే చాలా పాతవి. అందులో తేయాకు లేదు, అంతే తేడా. ఏ రాజుగారో ఐదువేల ఏళ్ల కిందట మసాలా టీ కనిపెట్టాడన్న కథకి ఆధారమేమీ లేదు. అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్లు తేయాకు వాడుతున్నట్టు రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారికి తెలిసింది 1823లో. అక్కడ తేయాకు తోటలు నడిపిన అస్సాం కంపెనీ పుట్టింది 1839లో. ఆ తోటల ఆకు ఓడలెక్కి లండన్ పోయేది. ఇక్కడి మామూలు జనానికి టీ అలవాటు లేదు, కొనే స్తోమతా లేదు.

1930లలో ప్రపంచమంతా మాంద్యం, టీ ధర పడిపోయింది, గిడ్డంగుల్లో సరుకు పేరుకుపోయింది. అప్పుడు తోటల యజమానులకి దేశంలోని జనం గుర్తొచ్చారు. రైల్వే స్టేషన్లలో, సంతల్లో, మిల్లుల దగ్గర టీ ఎలా కాచుకోవాలో చేసి చూపించారు, ప్లాట్‌ఫారాల మీద దేశభాషల్లో బోర్డులు పెట్టారు, ఉచితంగా కప్పులు పోశారు. గాంధీజీ టీ వద్దని రాస్తున్న రోజులవి. వాళ్లు నేర్పింది ఇంగ్లీషు పద్ధతి: కెటిల్‌లో ఆకు నానబెట్టి, చివర్లో రవ్వంత పాలు. మన టీ బండ్లవాళ్లు ఆ ఆకునే పాలు, పంచదార పోసి మరిగించి, అల్లం, యాలకులు కూడా చేర్చారు. ఆకు తక్కువ పడుతుందని ప్రచారం చేసేవాళ్లకి ఇది అస్సలు నచ్చలేదు. వాళ్లకి నచ్చకపోయినా జనానికి నచ్చింది. 1930ల మొదట్లోనే అస్సాంలో విలియం మెకర్చర్ సీటీసీ యంత్రం తయారుచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950, 60లలో అది విస్తరించడంతో చిటికెడు పొడితోనే చిక్కటి రంగు వచ్చే చవక టీ ఊరూరికీ చేరింది. ఇన్ని పాలకీ ఇంత మసాలాకీ తట్టుకునే పొడి అది. మీరిప్పుడు తాగుతున్న మసాలా టీ వయసు, ఆ లెక్కన, వందేళ్లు దాటదు. కషాయం తాతలది, టీ మాత్రం నిన్నమొన్నటిది.

ఊరిని బట్టి మసాలా మారుతుంది. గుజరాత్‌లో శొంఠి, మిరియాల ఘాటు ఎక్కువ, వానాకాలం వస్తే నిమ్మగడ్డి, పుదీనా కూడా వేస్తారు. ముంబయి కటింగ్ చాయ్‌లో అల్లం ముందుంటుంది. కశ్మీరీ కహ్వా కథ వేరు, అందులో ఆకుపచ్చ టీ, కుంకుమపువ్వు, దాల్చిన చెక్క, బాదం ఉంటాయి, పాలుండవు. మన తెలుగు ఇళ్లలో ఐదు దినుసుల మసాలా టీ పాత అలవాటేమీ కాదు. అల్లం టీ, లేదంటే యాలకుల టీ, ఏదో ఒకటే. జలుబు చేస్తే మిరియాల పాలు, శొంఠి కాఫీ ఎలాగూ ఉండేవి. నిజం చెప్పాలంటే, రోజూ తాగడానికి ఆ ఒక్క దినుసు టీయే నాకు మెరుగనిపిస్తుంది. ఐదూ కలిపింది చలికాలం సాయంత్రాలకి.

ఇరానీ చాయ్‌ని కూడా మసాలా టీ అనుకుని అడుగుతుంటారు. దాని లెక్కే వేరు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాక్షన్ మూతపెట్టిన గిన్నెలో సన్న సెగ మీద దమ్ అవుతుంది, పాలు విడిగా చిక్కబడేదాకా కాగుతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. అల్లం, లవంగం ఏమీ ఉండవు. ఇంట్లో ఆ రుచి కావాలంటే మసాలా పక్కన పెట్టి, మూడు చెంచాల పొడిని 250 మి.లీ. నీళ్లలో, గట్టి మూత పెట్టి, అతి సన్న మంట మీద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. పాలు అరలీటరుని మూడోవంతు ఇగిరేదాకా విడిగా కాచి, చక్కెర కలిపి, కప్పులో సగం కన్నా తక్కువ డికాక్షన్ మీద పొయ్యండి.

చుట్టాలొస్తే పది కప్పులు పెట్టాల్సి వచ్చినప్పుడు అన్నిటినీ ఐదింతలు చెయ్యకండి. ఎక్కువ మోతాదులో ఆవిరయ్యేది తక్కువ. నీళ్లు 900 మి.లీ., పాలు 800, టీ పొడి తొమ్మిది చెంచాలు, అల్లం నాలుగు అంగుళాలు, యాలకులు పన్నెండు, మిరియాలు పది, దాల్చిన చెక్క రెండు అంగుళాలు, లవంగాలు మూడే. గిన్నె పెద్దది కాబట్టి పాలు పడ్డాక మరిగే టైము ఐదు నిమిషాలు.

రోజూ దంచే ఓపిక లేనివాళ్లు పొడి చేసుకోవచ్చు. యాలకులు 20 గ్రాములు (తొక్కతో సహా), శొంఠి 15, మిరియాలు 8, దాల్చిన చెక్క 6, లవంగాలు 3, జాజికాయ తురుము పావు చెంచా. మూకుడులో ఎర్రగా వేయించకండి, గరం మసాలా వాసన వచ్చేస్తుంది. ఎండలో గంట ఆరబెడితే చాలు. శొంఠిని ముందు రోట్లో పగలగొట్టుకోకపోతే మిక్సీ బ్లేడు పాడవుతుంది. పొడి జల్లించి గాజు సీసాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. రెండు నెలల్లో వాడెయ్యండి, తర్వాత ఘాటు ఉంటుంది గానీ వాసన ఉండదు. రెండు కప్పులకి పావు చెంచా, టీ పొడితో పాటే నీళ్లలో పడాలి. మెత్తటి పొడి కాబట్టి ముందుగా మరిగించనక్కర్లేదు. వడకట్టాక కప్పు అడుగున కొంచెం మడ్డి మాత్రం తప్పదు, అది వద్దనుకుంటే పలచటి గుడ్డలో వడకట్టుకోండి.

విదేశాల్లో ఉండి అడిగేవాళ్లకి ఒక మాట: టీ బ్యాగులు చింపి వాడే బదులు ఇండియన్ స్టోర్‌లో సీటీసీ పొడి కొనుక్కోండి. ఎలక్ట్రిక్ పొయ్యి మంట తగ్గించగానే వేడి తగ్గదు, కాబట్టి పొంగు వచ్చినప్పుడు గిన్నెనే పక్కకి జరపాలి.

ఫ్లాస్కులో పోసుకెళ్లే టీకి యాలకులు కొంచెం ఎక్కువ, లవంగం అసలు వద్దు. మూతపెట్టిన వేడిలో లవంగం ఘాటు గంట గంటకీ పైకి తేలుతుంది. పొడి, అల్లం పీచు ఏమీ మిగలకుండా రెండుసార్లు వడకట్టి పొయ్యండి. రెండు మూడు గంటల్లో తాగెయ్యాలి. చల్లారిన టీని మళ్లీ వెచ్చబెడితే వగరు పెరుగుతుంది, యాలకుల వాసన పూర్తిగా పోతుంది. మిగిలితే పారబోసి కొత్తగా పెట్టుకోవడమే. రక్తహీనత ఉన్నవాళ్లు మాత్రం ఏ టీ అయినా భోజనంతో పాటు కాకుండా గంట ఎడంగా తాగాలి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.